గొంతు, గది, స్క్రూడ్రైవరు

కర్నూలు, కడప పల్లెల్లో లౌడ్‌స్పీకరును ‘మైకు’ అనే అంటారు. గుడి మీద మైకు, పెళ్ళిలో మైకు, ఓట్ల మైకు. ఇంజనీరింగ్ పాఠం ప్రకారం ఇది తిరకాసు. మైకు శబ్దాన్ని కరెంటుగా మారుస్తుంది, స్పీకరు కరెంటును శబ్దంగా మారుస్తుంది. కానీ ఊరివాళ్ళ మాటలో ఒక లెక్క ఉంది. వాళ్ళకి కావలసింది ఒక గొంతు. అది ఒక చివర లోపలికి పోయి ఇంకో చివర బయటికొస్తుంది. మధ్యలో ఉన్న సామానుకి రెండు పేర్లెందుకు?

ఇంట్లో పాతికేళ్ళు ఉంచుకోదగ్గ స్పీకర్లు ఎలా ఎంచుకోవాలి అని స్నేహితులు అడిగినప్పుడల్లా నాకు ఈ మాటే గుర్తొస్తుంది. అడిగినవాళ్ళు కంపెనీ పేరు చెబుతాననుకుంటారు, లేదా వాట్ల లెక్క. ఆ రెండూ పదేళ్ళలో పాతబడతాయి. పాతబడని సంగతులు కావాలంటే స్పీకరు మన దగ్గరికి ఎలా వచ్చిందో చూడాలి. మెట్ట ప్రాంతమైన కర్నూలు, కడప జిల్లాల్లో ఈ వందేళ్ళలో గొంతు నాలుగు వేషాలు వేసింది: ఏ యంత్రమూ లేని నాటకం గొంతు, గొట్టం గొంతు, రేడియో గొంతు, క్యాసెట్ గొంతు. స్పీకరు కొనేవాడు వేసుకోవాల్సిన మూడు ప్రశ్నలూ ఈ చరిత్రలోనే దొరుకుతాయని నా వాదన. గొంతు సరిగ్గా పలుకుతుందా? మన గదికి సరిపోతుందా? చెడిపోతే ఎవరైనా విప్పగలరా?

గొట్టం

1885లో కడప జిల్లా సురభి గ్రామంలో వనారస గోవిందరావు బృందం ‘కీచక వధ’ ఆడింది. తర్వాత ఆ ఊరి పేరే ఆ నాటక కుటుంబానికి పేరైంది. అప్పటికి ప్రపంచంలో ఎక్కడా విద్యుత్ లౌడ్‌స్పీకరుతో సభ జరగలేదు. ఆఖరి వరసలో కూర్చున్న మనిషికి పద్యం అందాలంటే నటుడి ఛాతీ, గొంతు, హార్మోనియం ఇవే ఆధారం. పౌరాణిక నాటకాల్లో పై శ్రుతిలో, సాగదీసిన రాగంతో పద్యం పాడటం వెనక అభిరుచితో పాటు ఈ అవసరం కూడా ఉంది. గట్టిగా, పైస్థాయిలో పాడితేనే ఆరుబయట దూరం పోతుంది. ‘వన్స్ మోర్’ అని అరిచే జనం గొంతుని దాటి మళ్ళీ ఎత్తుకోవాలి.

1915లో కాలిఫోర్నియాలో పీటర్ జెన్సెన్, ఎడ్విన్ ప్రిడామ్ అనే ఇద్దరు తీగచుట్ట, అయస్కాంతం, రేకు గొట్టం కలిపి ఒక సాధనం తయారుచేసి దానికి మాగ్నవాక్స్ అని పేరు పెట్టారు. 1919లో అమెరికా అధ్యక్షుడు ఉడ్రో విల్సన్ శాండియాగోలో దాంతోనే పెద్ద సభనుద్దేశించి మాట్లాడాడు. రాజకీయ ప్రసంగానికీ లౌడ్‌స్పీకరుకీ అప్పుడు ముడిపడిన బంధం ఇంకా తెగలేదు. మన దేశంలో 1940లో మొదలైన అహుజా కంపెనీ పేరు తర్వాతి దశాబ్దాల్లో మైకు సెట్టుకి మారుపేరు లాంటిదైపోయింది. తిరునాళ్ళ, పీర్ల పండగ, ఉరుసు, జాతర, పెళ్ళి, సినిమా ప్రచారం, అన్నిటికీ అదే గొట్టం. కరెంటు లేని ఊళ్ళో పన్నెండు వోల్టుల కారు బ్యాటరీ మీద నడిచేది.

ఆ గొట్టం ఎందుకంత దూరం వినబడుతుందో చూద్దాం. ఇంట్లో పెట్టుకునే మామూలు స్పీకరుకి ఒక వాటు కరెంటు ఇస్తే మీటరు దూరంలో 86 డెసిబెల్స్ దాకా వస్తుంది. గొట్టానికి అదే వాటు ఇస్తే 106 దాకా వస్తుంది. తేడా 20 డెసిబెల్స్. అంటే గొట్టం ఒక వాటుతో చేసే పని ఇంటి స్పీకరు చెయ్యాలంటే వంద వాట్లు కావాలి. బ్యాటరీ మీద నడిచే ఊరికి ఇంతకన్నా తెలివైన సాధనం లేదు. పైగా 100 వోల్టుల లైను పద్ధతి వల్ల, సన్నటి తీగతోనే ఊరి ఈ చివర నుంచి ఆ చివర దాకా నాలుగైదు గొట్టాలు కట్టొచ్చు.

కానీ గొట్టం దీనికి మూల్యం తీసుకుంటుంది. మామూలు సైజు గొట్టం సుమారు 300 హెర్ట్జ్ కింద దాదాపు పలకదు. మగవాడి గొంతు మూలస్వరం 100 నుంచి 150 హెర్ట్జ్ మధ్య ఉంటుంది. అంటే మనిషి గొంతుకి పునాది అయిన భాగాన్ని గొట్టం వదిలేస్తుంది. పై హార్మోనిక్స్‌ని బట్టి ఆ పునాదిని మన మెదడే ఊహించుకుంటుంది. అందుకే మాట అర్థమవుతుంది, మనిషి మాత్రం దగ్గరగా అనిపించడు. పై శ్రుతి పద్యం ఈ గొట్టంలో బాగా ఒదిగింది. మృదంగం ఎడమవైపు గుంకారం, జోలపాట, ముసలామె చెప్పే కథ ఒదగలేదు. గొట్టం గట్టిగా పలికేవాళ్ళ పక్షం వహించింది.

1953 అక్టోబరు 1న కర్నూలు ఆంధ్ర రాష్ట్రానికి రాజధాని అయింది. నెహ్రూ వచ్చి ప్రారంభించాడు. ఆఫీసులు గుడారాల్లో నడిచాయి. మూడేళ్ళ తర్వాత రాజధాని హైదరాబాదుకి పోయింది. సభలు మాత్రం మిగిలాయి. సీమలో రాజకీయ గొంతుకి తర్వాతి కాలంలో వచ్చిన ఆ కరుకుదనంలో మనుషుల వాటా ఎంత, 300 హెర్ట్జ్ కింద కోసేసిన గొట్టం వాటా ఎంత అని నేను సరదాగా ఆలోచిస్తుంటాను. చివరికి గొట్టానికి చట్టమే కళ్ళెం వేసింది. 2000 నాటి శబ్దకాలుష్య నియమాలు రాత్రి పది నుంచి పొద్దున ఆరు దాకా లౌడ్‌స్పీకరు వద్దన్నాయి. 2005 జులైలో సుప్రీంకోర్టు దాన్ని గట్టిగా సమర్థించింది. దూరం పోవడమే గుణంగా పుట్టిన సాధనం, చివరికి ఆ దూరం గురించే కోర్టు మెట్లెక్కింది.

కాగితం

ఇంట్లోకి వచ్చిన స్పీకరు వంశం వేరు. 1925లో జనరల్ ఎలక్ట్రిక్ కంపెనీ ఇంజనీర్లు చెస్టర్ రైస్, ఎడ్వర్డ్ కెలాగ్ ఒక పరిశోధన పత్రం ప్రచురించారు. చిన్న కాగితపు కోను, దాని మెడకి తీగచుట్ట, చుట్టూ అయస్కాంత క్షేత్రం, కోను అంచు స్వేచ్ఛగా కదిలేలా మెత్తటి పట్టీ. అంతే. ఈరోజు మీ చెవిలో పెట్టుకునే బుల్లి యంత్రం నుంచి సినిమా హాలు తెర వెనక ఉన్న పెట్టెల దాకా ఎక్కువ భాగం ఇదే సూత్రం. నా వృత్తిలో అయిదేళ్ళ నాటి కోడ్‌ని ‘పాతది’ అంటాం. వందేళ్ళయినా మారని డిజైన్ చూస్తే నాలాంటి వాడికి కాస్త అసూయ కూడా కలుగుతుంది.

కర్నూలు, కడప అప్పట్లో మద్రాసు రాజధానిలో భాగం. 1924లో మద్రాసు ప్రెసిడెన్సీ రేడియో క్లబ్ ప్రసారాలు మొదలుపెట్టి మూడేళ్ళకి డబ్బుల్లేక ఆపేసింది. 1930లో ఆ పనిని మద్రాసు కార్పొరేషన్ తీసుకుంది. 1938 జూన్ 16న ఆలిండియా రేడియో మద్రాసు కేంద్రం, 1948 డిసెంబరు 1న విజయవాడ కేంద్రం వచ్చాయి. కడపకి సొంత ఆకాశవాణి కేంద్రం 1963లో వచ్చింది. మీడియం వేవ్ మీద 900 కిలోహెర్ట్జ్ దగ్గర ముల్లు ఆపితే కడప పలికేది. అప్పటిదాకా గాల్లో వచ్చే తెలుగు చాలావరకు కృష్ణాతీరానిదో మద్రాసుదో. ఇక సముద్రం దాటి రేడియో సిలోన్ నుంచి కూడా తెలుగు పాటలు వచ్చేవి.

ఈ రేడియో గొంతు నిర్మాణంలో బీబీసీ చెయ్యి ఉంది. 1935లో భారత ప్రసారాలకు తొలి కంట్రోలరుగా వచ్చిన లయొనెల్ ఫీల్డెన్ బీబీసీ మనిషి. మరుసటి ఏడాది చీఫ్ ఇంజనీరుగా వచ్చిన గోయ్‌డర్‌దీ అదే సంస్థ. అక్కడి అలవాటు ఒకటుంది: స్టూడియోలో మనిషి మాట్లాడుతుంటాడు, పక్కగదిలో స్పీకరు ఆ మాటని పలుకుతుంది, ఇంజనీర్లు అటూ ఇటూ తిరిగి రెండిటినీ పోల్చి వింటారు. సంగీతం రికార్డింగు ఎలా ఉండాలో ఎవరి ఊహ వాళ్ళది. పరిచయమున్న మనిషి గొంతు ఎలా ఉంటుందో మాత్రం అందరికీ తెలుసు. దాంట్లో తప్పు దొర్లితే చెవి వెంటనే పట్టేస్తుంది.

ఈ అలవాటు నుంచే 1970ల మధ్యలో ఎల్ఎస్ 3/5ఏ అనే చిన్న పెట్టె పుట్టింది. ఎత్తు ముప్ఫై సెంటీమీటర్లు, వెడల్పు పంతొమ్మిది. బయట ప్రసారాలకు వెళ్ళే వ్యానులో కూర్చున్న ఇంజనీరు మాటని సరిచూసుకోవడానికి చేసినది. కింది స్వరాలు పెద్దగా పలకదు, గట్టిగా మోగదు. మనిషి గొంతుని మాత్రం ఎదురుగా కూర్చోబెడుతుంది. యాభై ఏళ్ళ తర్వాత కూడా జనం దాన్ని వెతుక్కుని కొంటున్నారు, కొత్తవి తయారవుతున్నాయి. అంత కాలం నిలబడటానికి కారణం ఆ డిజైన్ అన్నీ చెయ్యాలని పోకుండా ఒక పని ఎంచుకోవడం, ఆ పనికి కొలబద్దగా గొంతుని పెట్టుకోవడం.

మన పాత రేడియో కూడా, ఖరీదులో పోలిక లేకపోయినా, ఇలాంటిదే. మీడియం వేవ్‌లో సుమారు 5 కిలోహెర్ట్జ్ పైన ప్రసారమే ఉండదు. అందులో ఉన్న అయిదారు అంగుళాల కాగితపు కోనుకి అంతకు మించి పలకాల్సిన పనిలేదు. చెక్కపెట్టె, వెనక తెరిచి ఉన్న అట్ట. ఒకే కోను కాబట్టి గొంతుని రెండు ముక్కలు చేసి మళ్ళీ అతికే గొడవ లేదు. వార్తలు చదివే మనిషి ఇంట్లో మనిషిలా అనిపించడానికి సగం కారణం ఇది. ‘ఆ రోజుల్లో రేడియో ఎంత బాగుండేదో’ అని పెద్దవాళ్ళంటే జ్ఞాపకాల మాయ అని కొట్టేస్తాం. వాళ్ళ మాటలో ధ్వనిశాస్త్రం కూడా ఉంది.

ఇక్కడ మొదటి ప్రశ్నకి జవాబు. షాపులో స్పీకరు వినేటప్పుడు వాళ్ళు వేసే పాట వినొద్దు. ఆ పాటని ఆ పెట్టె కోసమే ఎంచుకుని ఉంటారు. మీరు బాగా ఎరిగిన ఒక గొంతు, మీ ఫోనులో మీరే రికార్డు చేసుకున్న అమ్మ మాటో అన్న మాటో, తీసుకెళ్ళండి. మగగొంతు ఒకటి, ఆడగొంతు ఒకటి. మగగొంతు పీపాలోంచి వచ్చినట్టుంటే పెట్టె గోడలు మోగుతున్నాయని అర్థం. ‘స’, ‘శ’, ‘చ’ అక్షరాలు ఈల వేస్తుంటే పైస్వరాలు పలికే ట్వీటర్ దగ్గర తేడా ఉంది. తర్వాత ఒక పద్యం, ఆ తర్వాత ఒక ఖవ్వాలీ. కడప పెద్ద దర్గా ఉరుసులో పాడే ఖవ్వాలీ లాంటి రికార్డు స్పీకరుకి మంచి పరీక్ష: చప్పట్లు, ఢోలక్ గుంకారం, హార్మోనియం, పోటీపడి లేచే గొంతులు. వీటిలో ఏదీ ఇంకోదాని కింద నలగకూడదు. చివరికి గది బయటికి నడిచి తలుపు అవతల నుంచి వినండి. లోపల మనిషి ఉన్నాడనిపిస్తే అది ఇంటికి తెచ్చుకోదగ్గ స్పీకరు.

కువైట్ నుంచి వచ్చిన పెట్టె

రాజంపేట, రాయచోటి వైపు పల్లెల్లో స్టీరియో చరిత్ర చెప్పాలంటే కువైట్ గురించి చెప్పాలి. వానల్లేక, సేద్యం గిట్టుబాటు కాక కడప జిల్లా నుంచి వేలమంది, ఆడవాళ్ళు కూడా, గల్ఫ్ ఇళ్ళల్లో పనికి వెళ్ళారు. సెలవుకి వచ్చేటప్పుడు తెచ్చిన సామాన్లలో టూ ఇన్ వన్ ముఖ్యం. రేడియో, క్యాసెట్ ప్లేయరు ఒకే పెట్టెలో. తర్వాత రెండు డెక్కులవి, దీపాలు వెలిగే ఈక్వలైజరుతో వచ్చాయి. అవి మిద్దె మీద పెట్టి వేస్తే వీధి వీధంతా వినాలి. గొట్టం గుణం మళ్ళీ ఇంట్లోకి దూరింది.

ఆ పెట్టెకి ఇంకో పని కూడా ఉండేది. గల్ఫ్‌కి మనిషిని పంపిన ఇళ్ళల్లో చాలా చోట్ల ఉత్తరం బదులు క్యాసెట్ నడిచింది. చదువు రానివాళ్ళకి అదే ఉత్తరం. పిల్లలు చేరి తలా ఒక మాట చెప్పి రికార్డు చేసి పంపేవాళ్ళు. అటునుంచి ఇంకో క్యాసెట్ వచ్చేది. ఏడుపు, దగ్గు, వెనకాల కోడి కూత, అన్నీ కలిపి. ఉత్తరం రాయించుకుంటే రాసేవాడి భాష వచ్చి పడుతుంది. క్యాసెట్‌లో మనిషి మాండలికం మనిషిదే.

పాతికేళ్ళు నిలిచే స్పీకరు ఎందుకు అని ఎవరైనా అడిగితే నా దగ్గరున్న గట్టి జవాబు ఇదే. సినిమా పాట ఎక్కడైనా దొరుకుతుంది. ఈ గొంతులు ఒక్క ఇంట్లోనే ఉంటాయి. ఇప్పుడు చాలామంది పాత క్యాసెట్లని ఫైళ్ళుగా మార్చుకుంటున్నారు. ఆ ఫైలుని ఫోను అడుగున ఉన్న గోరంత స్పీకరులో వింటే మాటలు తెలుస్తాయి, అవ్వ తెలియదు. గొట్టానికి ఏ జబ్బుందో దానికీ అదే జబ్బు, కింది స్వరం లేదు.

ఈ కాలంలోనే ఇంకో వింత పుట్టింది. 1990ల్లో ప్రకటనల నిండా ‘పీఎంపీఓ’ వాట్లు. అరచేతిలో పట్టే స్పీకరు మీద కూడా వందల వాట్ల స్టిక్కరు. ఆ అంకెకి ఒప్పుకున్న ప్రమాణం ఏదీ లేదు, ఎవరికి తోచింది వాళ్ళు రాసుకున్నారు. అసలు లెక్క చూడండి. 86 డెసిబెల్స్ స్పీకరు నుంచి రెండున్నర మీటర్ల దూరంలో కూర్చుంటే, ఆరుబయట కూడా ఒక వాటుకి 78 డెసిబెల్స్ అందుతుంది. మామూలు సంభాషణ 60 దగ్గర ఉంటుంది. అంటే రోజువారీ వినికిడికి ఒకటి రెండు వాట్లు కూడా ఎక్కువే. తాళం, డప్పు లాంటి హఠాత్తు దెబ్బల కోసం పది, ఇరవై రెట్లు జాగా ఉంచుకున్నా ముప్ఫై, నలభై వాట్ల ఆంప్లిఫైయరు మన గదులకి చాలు. వాట్లకి పెట్టే డబ్బు పెట్టెకి పెట్టండి.

బండ

1872లో విలియం కింగ్ అనే భూగర్భ శాస్త్రవేత్త కడప, కర్నూలు రాళ్ళ మీద ఒక గ్రంథమే రాశాడు. ఆ రెండు ఊళ్ళ పేర్లూ శిలాశాస్త్రంలో అప్పటినుంచి స్థిరపడ్డాయి. శాస్త్రవేత్తలకి అది నార్జి సున్నపురాయి. మనకి కడప బండ, బేతంచెర్ల బండ. మహారాష్ట్రలో వంటింటి గట్టు రాయిని ‘కడప్పా’ అనే పిలుస్తారు. సీమ ఇంట్లో నేల బండ, అల్మరా అర బండ, మెట్టు బండ. చల్లగా ఉంటుంది, చెదలు పట్టదు, తరాలు నిలుస్తుంది. శబ్దానికి మాత్రం అది అద్దం లాంటిది. తన మీద పడిన శబ్దంలో నూటికి ఒకటి రెండు పాళ్ళే మింగి మిగతాది వెనక్కి కొడుతుంది.

శబ్దం గదిలో ఎంతసేపు తిరుగుతుందో లెక్కగట్టడం హార్వర్డ్‌లో వాలెస్ సబీన్ 1895లో మొదలుపెట్టాడు. ఒక లెక్చర్ హాలులో మాట అర్థం కావడం లేదని యూనివర్సిటీ వాళ్ళు పని అప్పగిస్తే, రాత్రుళ్ళు పక్క థియేటరు నుంచి కుర్చీ మెత్తలు మోయించి తెచ్చి, స్టాప్ వాచీతో కొలిచాడు. ఆయన సూత్రం సులభం: గది ఘనపరిమాణాన్ని 0.161తో గుణించి, గదిలో శబ్దాన్ని మింగే వైశాల్యంతో భాగించాలి. నాలుగు మీటర్ల పొడవు, మూడున్నర వెడల్పు, మూడు ఎత్తు ఉన్న గది తీసుకుందాం. ఘనపరిమాణం 42. కడప బండ నేల, సిమెంటు గోడలు, స్లాబు. గది ఖాళీగా ఉంటే మింగే వైశాల్యం ఒకటిన్నర చదరపు మీటర్లు కూడా ఉండదు. లెక్క వేస్తే శబ్దం చావడానికి దాదాపు నాలుగున్నర సెకన్లు పడుతుంది. చప్పట్లు కొడితే గుడిలో కొట్టినట్టుంటుంది. అదే గదిలో మంచం మీద పరుపు, ఒక బొంత, మందపాటి పరదా, నేల మీద జంపఖానా, పుస్తకాలు, ఇద్దరు మనుషులు చేరితే ఆ వైశాల్యం పది చదరపు మీటర్లు అవుతుంది, కాలం 0.7 సెకనుకి దిగుతుంది. స్పీకరు మార్చకుండానే గొంతు స్పష్టమవుతుంది. ఇంత తేడా తెచ్చే స్పీకరు ఎంత డబ్బు పోసినా దొరకదు.

పాత చౌడు మిద్దెలు ఈ విషయంలో మన ఫ్లాట్లకన్నా మేలు. పైన దూలాలు, వాటి మీద అడ్డంగా దంతెలు, పైన చౌడు మన్ను. ఆ ఎగుడుదిగుడు కప్పు శబ్దాన్ని ఒక్కవైపే కొట్టకుండా చెదరగొడుతుంది. పడసాలలో వడ్ల మూటలు, దండెం మీద బట్టలు, గోడకి ఆనించిన చాపలు. ఎవరూ అలా అనుకుని చెయ్యలేదు గానీ, అది వినడానికి తయారైన గది.

కెనడాలో ఫ్లాయిడ్ టూల్ 1980ల్లో తెర వెనక స్పీకర్లు పెట్టి, ఏది ఏదో చెప్పకుండా జనానికి వినిపించాడు. ఎదురుగా స్వరాలు సమంగా పలికి, పక్కలకి కూడా అదే తీరులో పలికే స్పీకర్లనే ఎక్కువమంది మెచ్చారు. బండ గదిలో ఇది రెట్టింపు ముఖ్యం. మనకి చేరే శబ్దంలో చాలా భాగం పక్కలకి పోయి గోడ తగిలి వచ్చినదే. కాబట్టి షాపులో ఎదురుగా కూర్చుని విన్నాక, ఓ పక్కకి జరిగి కూడా వినండి. గొంతు రంగు మారిపోతే ఆ స్పీకరు ఒక్క కుర్చీకే పనికొస్తుంది. ఇంట్లో ఒక్క మనిషే ఒక్క కుర్చీలో కూర్చుని వినడు కదా.

ఇంకో చిన్న సంగతి. విదేశీ పుస్తకాల్లో స్పీకరు స్టాండు ఎత్తు సోఫాలో కూర్చునేవాడి చెవికి లెక్కగట్టి రాస్తారు. మీరు చాప మీద కూర్చుని వినేవాళ్ళయితే చెవి ముప్పావు మీటరు ఎత్తులోనే ఉంటుంది. అంత కిందికి దించండి. కడప బండ ముక్కలు రెండు, మధ్యలో ఇటుకలు. కదలదు, చెదలు ఎక్కవు, ఖర్చు లేదు.

స్క్రూడ్రైవరు

మూడో ప్రశ్న ఆయుష్షుది. స్పీకరులో ముందు పోయేది కోను అంచున ఉండే పట్టీ. నురుగు పట్టీ అయితే పది, ఇరవై ఏళ్ళలో దానంతటదే పొడి అవుతుంది, వాడినా వాడకపోయినా. ఎండ తగిలితే ఇంకా ముందే. మంచి రబ్బరు పట్టీ ముప్ఫై ఏళ్ళు దాటుతుంది. మైకు సెట్ల పెట్టెల్లో, పాత రేడియోల్లో కనిపించే గుడ్డ పట్టీ, మడతల కాగితం అంచు యాభై ఏళ్ళ తర్వాత కూడా పలుకుతున్నాయి. కొనేముందు జాలీ తీసి వేలితో తాకి చూడటానికి మొహమాటపడొద్దు.

తర్వాత పోయేది లోపల స్వరాలను పైకీ కిందికీ పంచే క్రాసోవర్‌లోని ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్లు. ఇరవై, ముప్ఫై ఏళ్ళలో వాటి విలువ జారిపోతుంది. మార్చడం గంట పని, లోపలికి దారుంటే. పెట్టె ఎండీఎఫ్ చెక్కదైతే నీళ్ళు తగిలితే రొట్టెలా ఉబ్బుతుంది. కరువు సీమకి నీళ్ళ భయమేంటి అనొద్దు. 2009 అక్టోబరులో తుంగభద్ర, హంద్రీ కర్నూలు ఊళ్ళోకి వచ్చినప్పుడు ఇళ్ళల్లో ఏం మిగిలిందో చూసినవాళ్ళకి తెలుసు. మంచి ప్లైవుడ్ ఎండబెడితే నిలుస్తుంది. పెట్టె లోపల శబ్దాన్ని మింగడానికి కుక్కే దూది గట్టిపడితే మార్చుకోవచ్చు. ఆదోని పత్తి మార్కెట్ ఉన్న జిల్లాలో దానికి కొరత లేదు.

చిన్న పెట్టెలోంచి పెద్ద స్వరం రాబట్టే విద్య 1954లో ఎడ్గర్ విల్చర్ చూపించాడు. మూసిన పెట్టెలోని గాలినే స్ప్రింగుగా వాడుకున్నాడు. 1961లో ఆస్ట్రేలియాలో నెవిల్ థీల్, 1970ల మొదట్లో రిచర్డ్ స్మాల్ పెట్టె సైజుకీ కోనుకీ మధ్య గణితాన్ని తేల్చేశారు. ఆ గణితం అందరికీ అందుబాటులో ఉంది. కాబట్టి ఒక కోను పోయినా కొలతలు తెలిస్తే దగ్గర కోను వెతకొచ్చు. మన దేశంలో 1970లో కలకత్తాలో మొదలైన సోనోడైన్ లాంటి సంస్థల పెట్టెలు ఇప్పటికీ చేతులు మారుతున్నాయంటే కారణం ఇదే: మర విప్పితే విడిపోతాయి.

ఇప్పుడు షాపుల్లో ఎక్కువగా దొరికేవి వేరు. ఆంప్లిఫైయరు, బ్యాటరీ, రేడియో చిప్పు, సాఫ్ట్‌వేర్, కోను అన్నీ ఒకే పెట్టెలో, జిగురుతో అతికించి. ఇలాంటి పెట్టె ఆయుష్షు అందులో అన్నిటికన్నా బలహీనమైన దాని ఆయుష్షే. బ్యాటరీ నాలుగైదేళ్ళు. ఫోను యాప్‌కి సపోర్టు ఎప్పుడు ఆపాలో ఎక్కడో ఒక మీటింగులో తేలుతుంది. అలాంటి మీటింగుల్లో కూర్చునే వృత్తి నాది కాబట్టి చెబుతున్నాను, అక్కడ మీ పడసాల గురించి ఎవరూ మాట్లాడరు. అందుకే నా సలహా పాతకాలపుది: మామూలు తీగ తగిలించుకునే స్పీకర్లు రెండు, విడిగా ఒక ఆంప్లిఫైయరు. ఆంప్లిఫైయరు పోతే ఇంకోటి. బ్లూటూత్ కావాలంటే వెనక చిన్న డబ్బీ. అది పాతబడితే డబ్బీ ఒక్కటే పారేస్తారు.

విప్పదగ్గ పెట్టె ఉంటే సరిపోదు, విప్పే చెయ్యి కూడా ఉండాలి. ఒకప్పుడు ప్రతి మండల కేంద్రంలో ఒక మైకు సెట్టు షాపు ఉండేది. యూనిట్ కాలిపోతే డయాఫ్రం మార్చేవాళ్ళు, కోను చినిగితే కొత్త కోను అతికేవాళ్ళు, వాయిస్ కాయిల్ చుట్టేవాళ్ళు. కర్నూలు వాళ్ళు సామాను కోసం హైదరాబాదు కోఠి గుజరాతీ గల్లీకి, కడప వాళ్ళు చెన్నై రిచీ స్ట్రీటుకి, కొందరు బెంగళూరు ఎస్పీ రోడ్డుకి బస్సెక్కేవాళ్ళు. కాలేజీ గుమ్మం తొక్కని ఆ మనుషులు కోను మధ్యలో కాయిల్ ఒరుసుకుంటుందో లేదో వేళ్ళతో నొక్కి చెప్పేవాళ్ళు. డీజే బాక్సుల వల్ల ఆ విద్య ఇంకా పూర్తిగా పోలేదు. మీరు కొన్న స్పీకరు వాళ్ళ బల్ల మీదికి వెళ్ళగలిగేదైతే వాళ్ళ షాపుకీ ఇంకొన్నేళ్ళు పనుంటుంది. జిగురు పెట్టెలు మాత్రమే కొంటూ పోతే రెండూ ఒకేసారి మూతపడతాయి.

కాబట్టి కొనే రోజున ఇంటి నుంచి మూడు పట్టుకెళ్ళండి. ఒక గొంతు, ఫోనులో. గది కొలతలు, కాగితం మీద. ఒక స్టార్ స్క్రూడ్రైవరు, జేబులో. షాపువాడు విప్పనివ్వకపోవచ్చు. కనీసం మరలు ఎక్కడున్నాయో, అసలు ఉన్నాయో లేదో చూసుకోండి. ఇంటికొచ్చాక ముందు ఆ గొంతే వెయ్యండి, పాటలకి చాలా టైముంది.